సంఘం డబ్బుతో సింథటిక్ ఆయిల్: నేనెందుకు చెయ్యెత్తలేదు



పోయిన ఆదివారం మీటింగులో ఒక ప్రతిపాదన వచ్చింది. సార్వా దమ్ములు మొదలయ్యేలోపు సంఘం నిధి నుంచి డబ్బు తీసి, ట్రాక్టరున్న సభ్యులందరికీ ఫుల్ సింథటిక్ ఇంజన్ ఆయిల్ హోల్‌సేల్‌గా తెప్పించాలి, కోతలయ్యాక ఎవరి వాటా వాళ్లు తిరిగి కట్టాలి. చేతులెత్తమంటే హాల్లో సగానికి పైగా చేతులు లేచాయి. నేను ఎత్తలేదు. "ఏం బాబాయ్, కొత్తదంటే నీకు గిట్టదా?" అని వెనక నుంచి ఒక అబ్బాయి అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. టైం అయిపోయి ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానం ఇది. కాస్త పొడుగైంది. ఓటు వేసే ముందు ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. సింథటిక్ ఆయిల్ చెడ్డదని నేను అనడం లేదు. మంచి ఆయిలే. మన ట్రాక్టర్లను పాడుచేస్తున్న జబ్బుకు అది మందు కాదంటున్నాను. మందు కానిదానికి అందరి డబ్బు పెట్టొద్దంటున్నాను.

నా సంగతే చెబుతాను, అప్పుడు నన్ను ఎవరూ తప్పుపట్టరు. మూడేళ్ల కిందట నేనూ సింథటిక్ పోశాను. అమ్మినవాడు రెండింతలు నడుస్తుందన్నాడు, నేను నమ్మాను. నమ్మి ఊరుకున్నానా, ఇంక బండి వైపు చూడాల్సిన పనే లేదనుకున్నాను. సార్వా దమ్ము అయింది, గట్టు పని అయింది, కోతల తర్వాత బేలర్ తగిలించి గడ్డి కట్టలు కట్టాం. గడ్డి పనిలో ఎంత దుమ్ము లేస్తుందో మీకు చెప్పక్కర్లేదు, డ్రైవర్ ముఖం గుర్తుపట్టలేం. ఎండాకాలం వచ్చేసరికి బండి నీలం పొగ కొట్టడం మొదలుపెట్టింది. బ్రీదర్ పైపు లోంచి బుస్సు బుస్సుమని బ్యాక్ కంప్రెషన్. రెండు రోజులకోసారి గేజు కడ్డీ చూస్తే ఆయిల్ కిందకి దిగిపోతోంది.

మెకానిక్ వచ్చి ఇంజన్ మీద చెయ్యి వేయకముందే ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టం పట్టుకున్నాడు. క్లాంపు దగ్గర అడుగున పగులు. పై నుంచి చూస్తే కనబడదు. గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి తీశాడు, వేలి నిండా ఎర్రటి మట్టి. "అన్నా, నువ్వు నూనె పోసినా నెయ్యి పోసినా, మట్టి కలిశాక అది మట్టే" అన్నాడు. స్లీవులు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ మార్చాం. ఆ ఖర్చు ఒక ఎత్తు, సరిగ్గా దమ్ముల వేళకి బండి షెడ్డులో ఉండి పక్కవాళ్ల ట్రాక్టరు గంటల లెక్కన బాడుగకు తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. ఆ గొట్టం ఖరీదు నేను పోసిన ఆయిల్లో ఒక లీటరు ఖరీదు కూడా చేయదు.

తప్పు ఆయిల్‌ది కాదు, అమ్మినవాడిదీ కాదు. ఖరీదైన ఆయిల్ పోశానన్న ధీమాతో బానెట్ ఎత్తని నాది. ఇప్పుడు సంఘం పేరుతో ఆ ధీమానే ఊరంతటికీ పంచబోతున్నాం. నా భయం అది.

ఈ సింథటిక్ మాట గ్రూపులోకి ఎలా వచ్చిందో గుర్తుందా? అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లాడు ఒకడు తన ఏటీవీ వీడియో పెట్టాడు. అదే, నాలుగు లావు టైర్లతో మంచులో, గుట్టల్లో తిరిగే చిన్న బండి. దానికి సింథటిక్ తప్ప వేరేది పోయనని చెప్పాడు. అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, అతని ఊళ్లో. మిన్నెసోటా లాంటి చోట జనవరిలో సున్నాకు ఇరవై, ముప్పై డిగ్రీలు కిందకు పోయే రోజులుంటాయి. ఆ చలికి మామూలు ఆయిల్ చిక్కబడిపోయి, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ తిరగదు. తిరిగినా పై భాగాలకు ఆయిల్ అందేసరికి ఆలస్యమవుతుంది. సింథటిక్ ఆ చలిలోనూ పారుతుంది. దాని అసలు గొప్పతనం అక్కడుంది.

మన బండి కూడా బురదలో, గట్టు మీద, రోడ్డు మీద మూడు చోట్లా తిరిగేదే. ఒక రకంగా మన ఏటీవీ ట్రాక్టరే. కానీ మంచులో తిరగదు కదా. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది చూడండి, అందులో డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకు ఇరవై డిగ్రీలు కింద పరీక్షించి పాస్ చేస్తారు. 5డబ్ల్యూని సున్నాకు ముప్పై డిగ్రీలు కింద. సింధనూరులో, మాన్విలో, సిరివారంలో డిసెంబర్ తెల్లవారుజామున మఫ్లర్ కట్టుకుని వణికే చలి కూడా ఆ దరిదాపులకు రాదు. పదికి దిగితేనే మనం పేపర్లో చదువుకుంటాం. రాని చలికి కంబళి కొనడమెందుకు?

"చలి సరే, మరి మన ఎండ సంగతి? మే నెలలో రాయచూరు నిప్పుల కుంపటి. మామూలు ఆయిల్ నీళ్లలా పలచబడిపోదా?" అని మీటింగులో ఒక అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు డబ్బా మీదే ఉంది. 15డబ్ల్యూ-40లో వెనక ఉన్న 40 అనే అంకె వేడిలో చిక్కదనం గురించి చెబుతుంది. మామూలుదైనా సింథటిక్ అయినా, 40 అని రాయాలంటే వంద డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్యలోనే ఉండాలి. సింథటిక్ 40కి వేరే కొలత, మామూలు 40కి వేరే కొలత లేవు. పైగా ఇంజన్ లోపలి వేడిని నిర్ణయించేది రేడియేటరు, నీళ్లు, థర్మోస్టాట్, బండి మీద పడే బరువు. రేడియేటరు జాలీ నిండా ఊక, గడ్డి పొట్టు అతుక్కుని ఉంటే డిసెంబర్‌లోనూ బండి మరుగుతుంది. శుభ్రంగా ఉంటే మే నెలలోనూ తట్టుకుంటుంది. విపరీతమైన వేడిలో సింథటిక్ ఆలస్యంగా పాడవుతుందన్నది నిజమే, ఒప్పుకుంటాను. అయితే బండిని అంత వేడెక్కనివ్వడమే మన తప్పు. ఒక బకెట్ నీళ్లు, ఒక బ్రష్, పది నిమిషాల పని అది.

ఇంకొకరన్నారు: "సింథటిక్ అంటే భూమిలోంచి తీసిన నూనె కాదు, ల్యాబులో తయారుచేసింది, అందుకే ఆ రేటు." ఇదీ పూర్తి నిజం కాదు. ఆయిల్ తయారీకి వాడే మూల నూనెలను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అయిదు గ్రూపులుగా విడదీసింది. మొదటి మూడూ క్రూడ్ నుంచి తీసినవే, శుద్ధిలోనే తేడా. నాలుగోది నిజంగా రసాయనికంగా కట్టిన పీఏఓ. మిగతావన్నీ అయిదోది. 1990లలో క్యాస్ట్రాల్ తన సింథటిక్ ఆయిల్లో బాగా శుద్ధి చేసిన మూడో గ్రూపు నూనె వాడితే, అది సింథటిక్ ఎలా అవుతుందని మొబిల్ ఫిర్యాదు చేసింది. అమెరికాలో ప్రకటనల తగాదాలు చూసే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ 1999లో క్యాస్ట్రాల్ అలా పిలుచుకోవచ్చని తేల్చింది. అప్పటినుంచి చాలా దేశాల్లో మూడో గ్రూపు నూనె కూడా సింథటిక్ పేరుతోనే అమ్ముడవుతోంది. మూడో గ్రూపు మంచి నూనె, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ డబ్బా మీద సింథటిక్ అన్న మాట చూసి లోపల ఏముందో తెలిసిపోయిందనుకోకండి. చూడాల్సినవి రెండే: చిక్కదనం గ్రేడు, ఏపీఐ క్వాలిటీ గుర్తు. సీఐ-4 అన్నది 2002లో వచ్చిన డీజిల్ ఇంజన్ల ప్రమాణం. ఆ ప్రమాణంతో 15డబ్ల్యూ-40 మామూలు ఆయిల్ మన దగ్గర దొరుకుతోంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. "రెట్టింపు రేటు, రెట్టింపు గంటలు, చెల్లుకు చెల్లు" అన్నారు. వినడానికి బాగుంది. ఆయిల్ ఎందుకు మారుస్తామో ఒకసారి ఆలోచించండి. అది అరిగిపోయిందని ఒక్క కారణంతో కాదు. డీజిల్ కాలిన మసి అందులో చేరుతుంది. గాలితో వచ్చిన సన్న దుమ్ము చేరుతుంది. దమ్ములో నీళ్ల తడి, నాజిల్ సరిగ్గా కొట్టకపోతే కాలని డీజిల్ చేరతాయి. ఇవన్నీ బయటినుంచి వచ్చే చెత్త. సింథటిక్ పోస్తే ఆ చెత్త తక్కువ రాదు. ఫిల్టర్‌కు దొరకని సన్న మసినీ ధూళినీ బయటికి పంపే దారి ఒకటే, నట్టు విప్పి పాత ఆయిల్ మొత్తం దించేయడం.

మన షాపుల్లో ఫుల్ సింథటిక్ ధర మామూలు ట్రాక్టరు ఆయిల్‌కి రెట్టింపు, ఒక్కోచోట అంతకు మించే ఉంది. అంటే ఒకసారి సింథటిక్ పోసే డబ్బుతో మామూలు ఆయిల్ రెండుసార్లు మార్చొచ్చు. నలభై అయిదు, యాభై హెచ్‌పీ బండికి ఏడెనిమిది లీటర్లు పడుతుంది. రెండుసార్లు దించితే రెండుసార్లు మసి, మట్టి బయటికి పోతాయి. అయిదొందల గంటలు ఒకే సింథటిక్‌తో దమ్ము తొక్కిన ఇంజన్ కంటే, 250 గంటలకోసారి మామూలు ఆయిల్, ఫిల్టర్ మార్చిన ఇంజన్ లోపల శుభ్రంగా ఉంటుంది. చాలా ట్రాక్టర్ల పుస్తకాల్లో ఉన్నదీ ఆ 250 గంటలే. కొన్ని కొత్త మోడళ్లకు ఎక్కువ ఇచ్చారు, అది వాళ్ల ఇంజన్ చూసుకుని ఇచ్చింది. వారంటీ ఉన్న బండికి పుస్తకంలోని గంటలు దాటించి, "సింథటిక్ పోశాను కదా" అని క్లెయిముకు పోతే ఎవరూ వినరు.

ఇంకో మంచి మార్పు కూడా మనకు తెలియకుండానే జరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ వచ్చింది. అంతకుముందు డీజిల్లో గంధకం 50 పీపీఎం దాకా ఉండేది, ఇప్పుడు 10. గంధకం కాలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లాన్ని చంపడానికే ఆయిల్లో క్షారం కలుపుతారు. గంధకం తగ్గింది కాబట్టి మామూలు ఆయిల్ మీద కూడా ఆ భారం తగ్గింది. మన నాన్నల కాలంలో కంటే ఇప్పుడు మామూలు ఆయిల్‌కి పని సులువు. ఇప్పుడే దాన్ని పనికిరాదనడం విడ్డూరం.

మరి గంటలు ఎవరు లెక్కపెడుతున్నారు? మా వీధిలో సగం బండ్లకు మీటరు పనిచేయదు. కేబుల్ తెగి ఏళ్లయింది. పనిచేసే పాత రకం మీటరు కూడా ఇంజన్ పూర్తి స్పీడులో తిరిగితేనే గంటకు గంట చూపిస్తుంది, తక్కువ స్పీడులో తక్కువ చూపిస్తుంది. దమ్ములో డ్రైవర్ పొద్దున్నుంచి రాత్రి దాకా తొక్కితే రోజుకు పది, పన్నెండు గంటలు. ఇరవై రోజుల దమ్ముకే రెండొందల గంటలు దాటిపోతాయి. మనమేమో "పోయిన సంక్రాంతికి మార్చాం కదా" అంటాం. ట్రాక్టరుకు సంక్రాంతి, ఉగాది తెలియవు, గంటలే తెలుసు.

ఇంకో అలవాటు, తగ్గినప్పుడల్లా పైన కాస్త పోయడం. చాయ్‌లో పాలు కలిపినట్టు. అడుగున ఉన్న మడ్డి అలాగే ఉంటుంది. ఇంకొందరు ఆయిల్ నల్లబడగానే కంగారు పడి అమ్మినవాడితో గొడవకు దిగుతారు. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని గడ్డకట్టనివ్వకుండా తనలో పట్టుకోవడమే దాని పని, నల్లబడిందంటే పని చేస్తోందని అర్థం. భయపడాల్సినవి వేరే. గేజు కడ్డీ మీద ఆయిల్ పాల చాయ్ రంగులో కనిపిస్తే నీళ్లు కలిశాయి. పోయకుండానే మట్టం పెరిగితే డీజిల్ దిగుతోంది. ఈ రెండిటిలో ఏది చూసినా బండి ఆపేయాలి. అప్పుడు లీటరు బంగారం రేటు ఆయిల్ ఉన్నా ఇంజన్ని కాపాడదు.

నేను మొండిగా మాట్లాడటం లేదని చెప్పడానికి ఇది కూడా రాస్తున్నాను. పుస్తకంలో సింథటిక్ అని ఉంటే సింథటిక్కే పోయాలి. మన పిల్లల టర్బో కార్లకు సన్నటి సింథటిక్ రాసి ఉంటే అదే పోయండి, ట్రాక్టరు డబ్బాలో మిగిలింది పోయకండి. 2023 జనవరి నుంచి యాభై హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 నియమాలు వచ్చాయి. అలాంటి బండ్లలో పొగను శుద్ధిచేసే సామాను ఉన్నవాటికి బూడిద తక్కువ ఉండే ప్రత్యేకమైన ఆయిల్ కావాలి, మామూలు సీఐ-4 పోస్తే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది. సంఘం అందరికీ ఒకే ఆయిల్ తెచ్చి పంచితే, పాతికేళ్ల నాటి బండికీ నిన్న షోరూం నుంచి వచ్చిన బండికీ ఒకటే పోస్తాం. అందుకే కూడా నేను చెయ్యెత్తలేదు.

అన్నిటికంటే నన్ను కదిలించేది ఇంకోటి. సంఘం నిధిలో పెద్ద రైతుల డబ్బే లేదు. రెండెకరాలు కౌలుకు చేసుకుని, పాత బండి బాడుగకు తిప్పుకునే తమ్ముళ్ల డబ్బు కూడా ఉంది. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చాక మన పెద్దలు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చి, నల్లరేగడిని చదును చేసి, క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లు రూపాయిని ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు. కాలువ ఆలస్యమైతే పంటే లేని బతుకు మనది. అలాంటి ఏడాది కోతలయ్యాక కట్టాల్సిన బాకీల్లో ఇదొకటి చేరడం ఎవరికి బరువు? నాకు కాదు, ఆ తమ్ముడికి.

వద్దు అని చెప్పి ఊరుకోవడం నా పద్ధతి కాదు. అదే డబ్బుతో ఏం చేద్దామో నా ప్రతిపాదన ఇదీ.

1. ఎవరి బండి పుస్తకం వాళ్లు తెచ్చి గ్రేడు రాయించాలి. దాన్నిబట్టి సీలు ఉన్న డబ్బాలే తెప్పిద్దాం. పాత బండ్లలో ఎక్కువ వాటికి మామూలు 15డబ్ల్యూ-40 సరిపోతుంది. పీపా తెచ్చి క్యాన్లలో కొలిచి పోసే పద్ధతి వద్దు, మధ్యలో ఏం కలుస్తుందో మనకు తెలియదు.

2. ప్రతి ఆయిల్‌తో పాటు ఒక ఆయిల్ ఫిల్టర్ తప్పనిసరి. మిగిలిన డబ్బుతో ఎయిర్ ఫిల్టర్లు, రబ్బరు గొట్టాలు, క్లాంపులు. ఆయిల్ బాత్ రకం ఎయిర్ క్లీనర్ ఉన్న బండ్లకు ఆ గిన్నెలో ఆయిల్ కూడా మార్చాలి, దమ్ముకు ముందు ఒకసారి, గడ్డి పనిలో ఇంకా తరచుగా.

3. సంఘం లోగో వేసిన చిన్న నోటు పుస్తకం ఒకటి ప్రతి బండికీ. డ్రైవర్ రోజూ గంటలు రాయాలి. మీటరు లేకపోతే వాచీ చూసి రాయాలి. రాసిన డ్రైవర్‌కు సీజను చివర చిన్న బహుమతి ఇద్దాం. బండిని మనకంటే ఎక్కువ చూసేది అతనే.

4. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడివాళ్లను పిలిచి ఒక పూట క్లాసు పెట్టిద్దాం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మన కుర్రాళ్లను ఇద్దరు ముగ్గురిని అక్కడ శిక్షణకు పంపుదాం. అమ్మేవాడి మాట కంటే పరీక్షించేవాడి మాట వినడం మేలు.

5. ఖాళీ డబ్బాలకు రంధ్రం కొట్టి ఇవ్వాలి, లేకపోతే అవే మళ్లీ నకిలీ సరుకుతో మన దగ్గరికే వస్తాయి. తీసిన పాత ఆయిల్ ఒక పీపాలో పోగుచేసి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇద్దాం. దాన్ని కాలువ గట్టున ఒంపడం ఇకనైనా ఆపాలి. ఆ కాలువ నీళ్లే చెరువుల్లో నింపుకుని తాగుతున్నాం.

ఆఖరు మాట. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు మనలో ఎంతమందికి నిద్ర పట్టింది? టీఎంసీల కొద్దీ నీళ్లు కళ్ల ముందే కిందికి పోతుంటే, తాత్కాలికంగా స్టాప్‌లాగ్‌లు దించి ఆపేదాకా ఊపిరి బిగబట్టుకున్నాం. అంత పెద్ద డ్యాంకీ ప్రాణం ఒక గొలుసులో ఉందని ఆ రోజు తెలిసింది. మన ఇంజన్ ప్రాణం కూడా అలాగే ఒక రబ్బరు గొట్టంలో, ఒక క్లాంపులో, ఒక ఫిల్టర్‌లో ఉంది. ముందు వాటిని చూద్దాం. అవన్నీ సరిగ్గా ఉన్న రోజు, డబ్బు మిగిలి, మీకు ముచ్చటైతే సింథటిక్ పోసుకోండి. ఎవరి జేబులోంచి వాళ్లు. నేను అడ్డం రాను.

ఇందులో తప్పుంటే మెకానిక్కులు, ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కింద రాయండి, సరిదిద్దుకుంటాను. ఒప్పయితే మాత్రం వచ్చే ఆదివారం చెయ్యెత్తే ముందు ఒక పని చేయండి. ఇంటికెళ్లి బానెట్ ఎత్తి, ఆ గొట్టం అడుగున వేలితో తడిమి చూడండి.

మీ బాబాయ్.